మెరోపెనెమ్, కొలిస్టిన్ నడుస్తుండగానే రక్తంలో పెరిగిన ఎలిజబెత్‌కింగియా: ఒక ఐసీయూ కేసు

రోగులను, ఆసుపత్రిని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. తేదీలకు బదులు, మొదటి పాజిటివ్ బ్లడ్ కల్చర్ తీసిన రోజును సున్నాగా లెక్కించాం.

నేపథ్యం

ఎలిజబెత్‌కింగియా కొత్త బ్యాక్టీరియా కాదు. పసిపిల్లల మెదడు పొరల వాపు కేసుల్లో దీన్ని 1959లో వివరించింది అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీలో పనిచేసిన ఎలిజబెత్ కింగ్. అప్పటి పేరు ఫ్లేవోబ్యాక్టీరియం మెనింగోసెప్టికం. తర్వాత క్రైసియోబ్యాక్టీరియం అయింది. 2005లో ఆమె పేరు మీదే కొత్త ప్రజాతి (జీనస్) ఏర్పడింది. 2011లో అనోఫెలిస్ గాంబియే దోమ పేగులోంచి వేరుచేసిన జాతికి (స్పీసీస్‌కు) ‘అనోఫెలిస్’ అని పేరు పెట్టారు. ఆ తర్వాత పాత నమూనాలను జీనోమ్‌తో మళ్లీ పరీక్షిస్తే, ఆసుపత్రుల్లో ‘మెనింగోసెప్టికా’ అని రాసిన వాటిలో చాలా భాగం నిజానికి అనోఫెలిస్ అని తేలుతూ వచ్చింది. 2015 చివర్లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో మొదలైన వ్యాప్తిలో ఆ ఒక్క రాష్ట్రంలోనే 63 కేసులు నిర్ధారణ అయ్యాయి, 18 మంది చనిపోయారు. మూలం ఎక్కడుందో చివరికీ దొరకలేదు.

మన ఐసీయూలకు ఇది ఎందుకు పట్టాలంటే, కార్బపెనెమ్‌కు లొంగని క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్ ఎక్కువ కాబట్టి మెరోపెనెమ్ మీద కొలిస్టిన్ కలపడం ఇక్కడ అలవాటైపోయింది. ఎలిజబెత్‌కింగియాకు ఈ రెండూ పుట్టుకతోనే పనిచేయవు. దాని క్రోమోజోములోనే మెరోపెనెమ్ లాంటి మందులను విరగ్గొట్టే రెండు ఎంజైమ్‌లు, మెటలో బీటా లాక్టమేజ్‌లు (బ్లాబీ, గాబ్), ఒక విస్తృత శ్రేణి బీటా లాక్టమేజ్ (సీఎంఈ) ఉంటాయి. తక్కినవన్నీ చచ్చి చోటు ఖాళీ అయ్యాక పెరగడానికి దీనికి అడ్డేముంది?

సమస్య

అరవై దాటిన పురుషుడు, మధుమేహం ఉంది. మెదడులో రక్తస్రావానికి ఆపరేషన్ అయింది. ట్రాకియాస్టమీతో వెంటిలేటర్ మీద ఉన్నాడు, మెడలో సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసిన గొట్టం) ఉంది. శ్వాసనాళపు స్రావంలో క్లెబ్సియెల్లా రావడంతో ఆరు రోజులుగా మెరోపెనెమ్, కొలిస్టిన్ ఇస్తున్నారు. సున్నా రోజున 39.2 డిగ్రీల జ్వరం. రెండు సెట్ల బ్లడ్ కల్చర్ తీశారు, ఒకటి లైన్ నుంచి, ఒకటి చేతి నరం నుంచి. రెండూ 20 గంటల లోపే మోగాయి, అంటే సీసాల్లో బ్యాక్టీరియా పెరిగిందని యంత్రం చెప్పింది. లైన్ నుంచి తీసిన సీసా దాదాపు మూడు గంటలు ముందు మోగింది. రెండు గంటల తేడా దాటితే లైన్‌ను అనుమానించాలని అందరికీ తెలుసు. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

గ్రామ్ స్టెయిన్‌లో సన్నని, రంగు సరిగా పట్టని నెగటివ్ కడ్డీలు కనిపించాయి. మర్నాడు బ్లడ్ అగార్ మీద మిల్లీమీటరు సైజు లేత పసుపు కాలనీలు వచ్చాయి. మాక్‌కాంకీ అగార్ మీద 24 గంటలకు ఏమీ లేదు, 48 గంటలకూ లేదు. ఆక్సిడేజ్ పాజిటివ్, ఇండోల్ పాజిటివ్, కదలిక లేదు. మాక్‌కాంకీ మీద పెరగని, ఇండోల్ పాజిటివ్ అయిన నాన్ ఫెర్మెంటర్ (చక్కెరను పులియబెట్టని బ్యాక్టీరియా) కనిపిస్తే గుర్తింపు యంత్రం నోరు తెరవకముందే ఈ ప్రజాతి గుర్తుకు రావాలి. ఇండోల్‌కు బ్యాక్టీరియాను జైలీన్‌తో తీసి ఎర్లిక్ రసాయనం వేయాలి. మామూలు కోవాక్స్ చుక్కతో బలహీనంగా వచ్చి నెగటివ్ అనిపించే ప్రమాదం ఉంది.

యంత్రం ‘ఎలిజబెత్‌కింగియా మెనింగోసెప్టికా, 97 శాతం’ అంది. ప్రొటీన్ల వర్ణపటాన్ని లైబ్రరీతో పోల్చే మాల్డీటాఫ్ కూడా అదే పేరు చెప్పింది, కానీ స్కోరు 1.88. రెండు దాటితేనే జాతి స్థాయి గుర్తింపు. 1.7 నుంచి 1.99 మధ్య ఉంటే ప్రజాతి వరకే నమ్మాలి. లైబ్రరీలో అనోఫెలిస్ వర్ణపటాలు లేనప్పుడు దగ్గరి చుట్టం పేరు ఇలాగే తక్కువ స్కోరుతో వస్తుంది. రెండు యంత్రాలూ ఒకే పేరు చెప్పాయన్న ధీమాతో రిపోర్టులో జాతి పేరు వెళ్లిపోయింది. అవి రెండు సాక్ష్యాలు కావు. రెండింటి లైబ్రరీల్లోనూ ఒకే ఖాళీ ఉంది.

ఏం ప్రయత్నించారు, ఎక్కడ బెడిసింది

రెండో రోజు వాంకోమైసిన్ మొదలైంది. గ్రామ్ నెగటివ్‌కు వాంకోమైసిన్ ఏమిటని ఎవరైనా అడుగుతారు. మెనింగోసెప్టికా అన్న పేరుతో వెతికితే పాత కేసు నివేదికల్లో పసిపిల్లలకు వాంకోమైసిన్‌తో నయమైన సంగతులు దొరుకుతాయి. మూడో రోజు వాంకోమైసిన్ డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని 18 మిల్లీమీటర్ల జోన్ కనిపించడంతో ఆ నిర్ణయానికి బలం వచ్చినట్టయింది. ఆ జోన్‌కు అర్థం లేదు. ఈ బ్యాక్టీరియాకు వాంకోమైసిన్ డిస్క్ కొలమానం ఏ ప్రమాణ సంస్థా ఇవ్వలేదు. పైగా అది పెద్ద అణువు, అగార్‌లో నెమ్మదిగా పాకుతుంది. స్టాఫిలోకాకస్‌కే వాంకోమైసిన్ డిస్క్ వద్దని చెప్పే రోజుల్లో దీనికి ఎలా నమ్ముతాం?

నాలుగో రోజు తీసిన కల్చర్ మళ్లీ పాజిటివ్. ఐదో రోజుకు బ్రాత్ మైక్రోడైల్యూషన్ (మందును వేర్వేరు గాఢతల్లో పెట్టి బ్యాక్టీరియా పెరుగుతుందో చూసే పరీక్ష) ఫలితాలు చేతికొచ్చాయి. కాటయాన్ సర్దిన ముల్లర్ హింటన్ బ్రాత్, 35 డిగ్రీలు, 20 గంటలకు చదివాం. వాంకోమైసిన్‌కు నాణ్యత నియంత్రణగా ఎంటెరోకాకస్ ఏటీసీసీ 29212, మిగతా వాటికి సూడోమోనాస్ ఏటీసీసీ 27853, ఇ.కోలై ఏటీసీసీ 25922. ఎంఐసీలు, అంటే పెరుగుదలను ఆపే కనీస గాఢతలు, మైక్రోగ్రాములు/మి.లీ.లో ఇలా ఉన్నాయి: మెరోపెనెమ్ 32 పైన, కొలిస్టిన్ 16 పైన, అమికాసిన్ 64, వాంకోమైసిన్ 16, పైపరాసిలిన్ టాజోబాక్టమ్ 16/4, కోట్రైమాక్సజోల్ 4/76, లెవోఫ్లాక్సాసిన్ 1, మినోసైక్లిన్ 0.5, రిఫాంపిసిన్ 0.5.

ఎలిజబెత్‌కింగియాకని ప్రత్యేక బ్రేక్‌పాయింట్లు (మందు పనిచేస్తుందా లేదా చెప్పే గీతలు) ప్రమాణ సంస్థ సీఎల్‌ఎస్‌ఐ పట్టికల్లో లేవు. ‘ఇతర నాన్ ఎంటెరోబ్యాక్టరేల్స్’ పట్టికనే అరువు తెచ్చుకోవాలి, అదీ ఎంఐసీకి మాత్రమే. ఆ లెక్కన లెవోఫ్లాక్సాసిన్‌కు (2 వరకు ఎస్, అంటే లొంగుతుందని), మినోసైక్లిన్‌కు (4 వరకు ఎస్) ఇది సాఫీగా లొంగుతుంది. పైపరాసిలిన్ టాజోబాక్టమ్ సరిగ్గా గీత మీద ఉంది. బ్రాత్‌లో రెండింతల తేడా మామూలే కాబట్టి గీత మీద నిలబడ్డ మందును రక్తంలోని ఇన్‌ఫెక్షన్‌కు ఎంచుకోలేదు. ఆటోమేటెడ్ కార్డు ఇదే మందుకు 8 అని చూపింది. ఈ ప్రజాతిలో కార్డుకూ బ్రాత్‌కూ పొత్తు కుదరకపోవడం తరచుగా చూసేదే. రిఫాంపిసిన్‌కు ఆ పట్టికలో గీతే లేదు. అందుకే రిపోర్టులో అంకె మాత్రం ఇచ్చి, ఎస్ అనో ఆర్ (లొంగదు) అనో రాయలేదు.

లెవోఫ్లాక్సాసిన్ రోజుకు 750 మి.గ్రా. మొదలుపెట్టారు. కిడ్నీలు బాగున్నాయి. ఏడో రోజుకు జ్వరం దిగింది, ఎనిమిదో రోజు కల్చర్ శుభ్రం. నరాలు దొరకడం కష్టమని, జ్వరం కూడా తగ్గిందని సెంట్రల్ లైన్ అలాగే ఉంచారు. ఈ కేసులో ఖరీదైన నిర్ణయం ఇదే. లైన్ లోపలి గోడకు అంటుకున్న బయోఫిల్మ్‌లో (బ్యాక్టీరియా కట్టుకునే జిగట పొరలో) బ్యాక్టీరియా లెక్కకు అందనంత ఉంటుంది. అంత జనాభా మీద ఒకే మందు, అదీ ఒకే ఒక్క మ్యుటేషన్‌తో తప్పించుకోగలిగిన మందు. 13వ రోజు చలితో జ్వరం వచ్చింది, కల్చర్ పాజిటివ్. లెవోఫ్లాక్సాసిన్ ఎంఐసీ 1 నుంచి 32కు ఎగబాకింది. మిగతా మందుల ఎంఐసీలు కదల్లేదు.

ఏది పనిచేసింది

15వ రోజు లైన్ తీసేసి, రెండు రోజులు చేతి నరాలతోనే నెట్టుకొచ్చారు. మినోసైక్లిన్ ఇంజెక్షన్ మొదట 200 మి.గ్రా., ఆ తర్వాత 12 గంటలకోసారి 100 మి.గ్రా. తోడుగా రిఫాంపిసిన్ రోజుకు 600 మి.గ్రా. మినోసైక్లిన్ ఒక్కటే చాలదా అన్న చర్చ నడిచింది. అది కణజాలంలోకి బాగా వెళ్తుంది గానీ రక్తంలో స్థాయి తక్కువ. అందుకే జత కావాల్సొచ్చింది. రిఫాంపిసిన్‌ను ఎప్పుడూ ఒంటరిగా ఇవ్వకూడదు, ఆ మందు పట్టుకునే ప్రొటీన్ జన్యువు ఆర్‌పీఓబీలో ఒక్క మార్పుతో రోజుల్లోనే చేయి జారుతుంది. అది టెట్రాసైక్లిన్ జాతి మందుల స్థాయిని కొంత దించగలదని తెలిసే, మినోసైక్లిన్ ఎంఐసీ గీత కంటే ఎనిమిదింతలు కింద ఉందన్న లెక్కతో కలిపాం. మన దగ్గర ఈ మందు ఇచ్చేముందు టీబీ లేదని చూసుకోవడం తప్పనిసరి. శ్వాసనాళపు స్రావం మీద జీన్‌ఎక్స్‌పర్ట్ నెగటివ్ వచ్చాకే మొదటి డోసు పడింది. రోగి ఫిట్స్ మందు ఫెనిటాయిన్ కాకుండా లెవెటిరాసెటామ్ కావడం కలిసొచ్చింది. ఫెనిటాయిన్ అయితే రిఫాంపిసిన్ దాని స్థాయిని పడగొట్టేది.

18వ రోజు కల్చర్ శుభ్రం. అక్కణ్నుంచి లెక్కపెట్టి 14 రోజులు మందులు ఇచ్చారు. తిరగబెట్టలేదు. ఎంత ఫలితం మందులది, ఎంత లైన్ తీసివేతది అని విడదీసి చెప్పడం కుదరదు. రెండూ ఒకే రోజు జరిగాయి.

జీనోమ్ ఏం చెప్పింది

ఈలోగా అదే ఐసీయూలో మరో ఇద్దరి దగ్గర ఇదే బ్యాక్టీరియా వచ్చింది. రెండో రోగికి 11వ రోజున రక్తంలో. అతనికి లైన్ తీసి లెవోఫ్లాక్సాసిన్, రిఫాంపిసిన్ ఇస్తే తగ్గింది. మూడో రోగికి 19వ రోజున శ్వాసనాళపు స్రావంలో మాత్రమే వచ్చింది. ఇన్‌ఫెక్షన్ లక్షణాలు లేవు కాబట్టి మందు ఇవ్వలేదు. ఐసీయూలోని ఐదు చేతులు కడిగే సింకుల్లో కుళాయి మూతి జాలీలు, డ్రెయిన్ల నుంచి స్వాబులు తీస్తే మూడో సింకు జాలీలో, ఐదో సింకు డ్రెయిన్‌లో ఎలిజబెత్‌కింగియా పెరిగింది. మొదటి రోగి నుంచి రెండు నమూనాలు (సున్నా రోజుది, 13వ రోజుది), మిగతా రోగులవి రెండు, సింకులవి రెండు, కలిపి ఆరు సీక్వెన్సింగ్‌కు వెళ్లాయి.

పద్ధతి: ఒక్కో కాలనీని రెండుసార్లు గీసి శుద్ధిచేసి, బ్లడ్ అగార్ మీద రాత్రంతా పెంచి కాలమ్ కిట్‌తో డీఎన్‌ఏ తీశాం. ఇల్యుమినా, 2×150, లోతు 100 రెట్లు తగ్గకుండా. ఫాస్ట్‌పీతో రీడ్లు (యంత్రం చదివిన డీఎన్‌ఏ ముక్కలు) శుభ్రం చేసి, క్రాకెన్ 2తో కల్తీ చూసి, స్పేడ్స్‌తో కూర్చాం. ఒక నమూనాలో క్రాకెన్ 9 శాతం క్లెబ్సియెల్లా చూపింది, కూర్పు సైజు కూడా 4 మెగాబేసులకు బదులు 7 దాటింది. దాన్ని పారేసి మళ్లీ శుద్ధ కాలనీ నుంచి మొదలుపెట్టాం. వదిలేసి ఉంటే క్లెబ్సియెల్లా నిరోధక జన్యువులు దీని ఖాతాలో పడేవి. మిగిలినవన్నీ 4 మెగాబేసుల దగ్గర, జీసీ 35.5 శాతం చుట్టూ వచ్చాయి.

మొదట తేలింది పేరు. సగటు న్యూక్లియోటైడ్ సామ్యం అనోఫెలిస్ టైప్ స్ట్రెయిన్ ఆర్26తో 97 శాతం పైన, మెనింగోసెప్టికాతో 80 దగ్గర. ఒకే జాతి అనడానికి గీత 95. ఆసుపత్రిలో ఈ పేరు బయటికి రాగానే మర్నాడే ఐసీయూ చుట్టూ దోమల ఫాగింగ్ జరిగింది! దోమలో మొదట దొరికింది కాబట్టి ఆ పేరు. దోమ కుట్టి వస్తుందని కాదు. హాంకాంగ్‌లో తల్లి నుంచి బిడ్డకు సోకిన ఆధారం, సింగపూర్ ఐసీయూ వ్యాప్తిలో కుళాయిల పాత్ర, ఇవే మనకు పనికొచ్చే ఆనవాళ్లు.

తర్వాత నిరోధక జన్యువులు. నిరోధక జన్యువులను వెతికే పరికరం రెస్‌ఫైండర్‌ను 90 శాతం సామ్యం గీతతో నడిపితే గాబ్ ఒక్కటే దొరికింది. మిగతా రెండూ లేవని రాసుకుని కూర్చుంటే, మెరోపెనెమ్ ఎంఐసీకి అరకొర వివరణతో సరిపెట్టుకునేవాళ్లం. గీతను 80కి దించితే బ్లాబీ, సీఎంఈ కూడా వచ్చాయి. ఈ జాతిలో అల్లీల్‌ల (ఒకే జన్యువు రూపాల) మధ్య తేడాలు ఎక్కువ, డేటాబేస్‌లో ఉన్నవి కొన్నే. గీత దించినప్పుడు చెత్త కూడా వస్తుంది కాబట్టి ప్రొటీన్ వరుసను తీసి జింకు పట్టుకునే అమైనో ఆమ్లాలు ఉన్నాయో లేదో చూడాలి. బ్లాబీలో హిస్టిడిన్, హిస్టిడిన్, ఆస్పార్టేట్ వరుస సరిగా ఉంది. గాబ్‌లో మొదటి హిస్టిడిన్ స్థానంలో గ్లూటమిన్ కనిపిస్తే అది చెడిపోయిన ఎంజైమ్ అనుకోవద్దు, గాబ్ తీరే అంత.

అంత కష్టపడి తీసిన ఈ జాబితా చికిత్సకు పనికిరాలేదు. ఈ మూడు జన్యువులు ఈ జాతి నమూనాలన్నిటిలోనూ దాదాపు ఉండేవే. అవి ఉన్నాయని చెప్పడం ‘ఇది ఎలిజబెత్‌కింగియా’ అని మళ్లీ చెప్పడమే. పైగా సీక్వెన్సింగ్ ఫలితం నమూనా పంపిన 9 రోజులకు వచ్చింది. అప్పటికి బ్రాత్ ప్లేటు చెప్పిన దాని మీదే చికిత్స సగం నడిచిపోయింది.

చికిత్స దారి తప్పిన కారణం మాత్రం జాబితాలో లేని చోట దొరికింది. లెవోఫ్లాక్సాసిన్ నిరోధకతకు పరికరం ఏ జన్యువూ చూపలేదు. పాయింట్ మ్యుటేషన్ల పట్టికలు ఇ.కోలై, సాల్మొనెల్లా లాంటి కొన్ని బ్యాక్టీరియాలకే తయారయ్యాయి. మేం వాడిన దాంట్లో ఎలిజబెత్‌కింగియా లేదు. లెవోఫ్లాక్సాసిన్ గురిపెట్టే ఎంజైమ్ జన్యువు జీవైఆర్‌ఏను ఆరు నమూనాల నుంచీ చేత్తో తీసి, ఇ.కోలై ప్రొటీన్ పక్కన పెట్టి చూస్తే, 83వ స్థానంలో సున్నా రోజు నమూనాకు సెరీన్, 13వ రోజు నమూనాకు ఐసోల్యూసిన్. ఏజీటీ కాస్తా ఏటీటీ అయింది, ఒక్క అక్షరం. జీ పోయి టీ వచ్చే ఇలాంటి మార్పు చూడగానే డీఎన్‌ఏ తప్పులను సరిదిద్దే మ్యూట్‌వై జన్యువు బాగుందో లేదో చూడాలి. విస్కాన్సిన్ వ్యాప్తిలో ఆ జన్యువు మధ్యలో కదిలే డీఎన్‌ఏ ముక్క ఒకటి దూరి, మరమ్మతు దెబ్బతిని మ్యుటేషన్ల వేగం పెరిగింది. మా నమూనాల్లో మ్యూట్‌వై చెక్కుచెదరలేదు. కాబట్టి కొద్ది ఎస్‌ఎన్‌పీల (ఒక్కో అక్షరపు మార్పుల) తేడాను దగ్గరి చుట్టరికంగా చదవచ్చు. అది చెడి ఉంటే అవే అంకెలకు వేరే అర్థం.

వ్యాప్తి దారి

మొదట ఆర్26ను రిఫరెన్స్‌గా పెట్టి, తేడాలు వెతికే స్నిప్పీ నడిపితే మూడో సింకు, మొదటి రోగి సున్నా రోజు నమూనా మధ్య తేడా సున్నా వచ్చింది. అనుమానం వచ్చి, సున్నా రోజు నమూనాకే నానోపోర్ పొడవు రీడ్లు జోడించి పూర్తి క్రోమోజోము కూర్చాం. ఒకే వలయం, ప్లాస్మిడ్లు లేవు. దాన్నే రిఫరెన్స్‌గా పెట్టి, గబ్బిన్స్‌తో రీకాంబినేషన్ భాగాలు (వేరే బ్యాక్టీరియా నుంచి కలిసిన ముక్కలు) తీసేసి మళ్లీ లెక్కిస్తే ఒక ఎస్‌ఎన్‌పీ బయటపడింది. అది ఆర్26లో అసలు లేని ప్రాంతంలో ఉంది. ఆ ఒక్కటే మొత్తం కథకు గుర్తుగా నిలిచింది.

మొదటి రోగి సున్నా రోజు నమూనాకు మూడో సింకుతో 1 తేడా. 13వ రోజు నమూనాకు సున్నా రోజుతో 2, అందులో ఒకటి జీవైఆర్‌ఏది. రెండో రోగి నమూనాకు సింకుతో 2, మొదటి రోగితో 3. అందులో మొదటి రోగి గుర్తు లేదు, 83లో సెరీనే ఉంది. అంటే అతనికి సింకు నుంచి విడిగా వచ్చింది. మూడో రోగి నమూనాలో మొదటి రోగి గుర్తూ ఉంది, ఐసోల్యూసిన్ కూడా ఉంది, 13వ రోజు నమూనాతో 1 తేడా. లెవోఫ్లాక్సాసిన్ ముఖం చూడని రోగికి ఆ మ్యుటేషన్ వచ్చిందంటే అది పక్క మంచం నుంచి చేతుల మీదుగా వచ్చిందే. ఐదో సింకుది వేల ఎస్‌ఎన్‌పీల దూరంలో ఉన్న వేరే వంశం. ఈ వ్యాప్తితో దానికి సంబంధం లేదు.

ఒకే ఐసీయూలో రెండు దారులు కాబట్టి రెండు పనులు చేయాల్సొచ్చింది. మూడో సింకు దగ్గర ట్రాకియాస్టమీ సక్షన్ గొట్టాన్ని కుళాయి నీళ్లతో జాడిస్తున్నారు, మిగిలిన గ్లూకోజ్ సెలైన్, గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం అందులోనే పారబోస్తున్నారు. మొదట హైపోక్లోరైట్ పోశారు. వారానికే మళ్లీ పెరిగింది. బయోఫిల్మ్ పైపొర చచ్చి కిందిది బతుకుతుంది. జాలీలన్నీ పీకేసి, మూడో సింకు ట్రాప్ (కింది వంపు పైపు) మార్చి, సక్షన్‌కూ నోటి శుభ్రతకూ స్టెరైల్ నీళ్లు పెట్టి, పారబోతకు వేరే తొట్టి ఇచ్చాకే ఆగింది. మూడో రోగి విషయంలో పని సింకుతో కాదు, మంచానికో సక్షన్ సెట్‌తో, చేతుల శుభ్రతతో.

పాఠాలు

సున్నా రోజు ప్లేటు నుంచి ఒక్క కాలనీయే దాచాం. ఐసోల్యూసిన్ మ్యుటెంట్ ముందే కొద్దిగా ఉండి పైకి వచ్చిందా, చికిత్సలో పుట్టిందా అన్నది ఆ ఒక్క కాలనీ తేల్చలేదు. సింకు నమూనాలో సెరీన్ ఉండటం రెండోదాని వైపు మొగ్గు చూపుతుంది, అంతే. ఇప్పుడు ప్రతి నమూనాకూ ఒక శుద్ధ కాలనీ, దాంతో పాటు ప్లేటు మీది మొత్తం పెరుగుదలను ఊడ్చి ఇంకో గ్లిజరాల్ గొట్టం మైనస్ 80లో పెడుతున్నాం.

రిపోర్టు కూడా మారింది. మాల్డీటాఫ్ స్కోరు 2 దాటకపోతే ‘ఎలిజబెత్‌కింగియా ప్రజాతి’ అని మాత్రమే రాస్తాం. వాంకోమైసిన్ డిస్క్ పెట్టం. ప్రాథమిక రిపోర్టులోనే ‘మెరోపెనెమ్, కొలిస్టిన్ పనిచేయవు, లైన్ తీసే వీలు చూడండి’ అని రాసి వార్డుకు ఫోన్ చేస్తాం. బ్రాత్ ఫలితం కోసం మూడు రోజులు ఆగకుండా ఈ రెండు మాటలు మొదటి రోజే చెప్పవచ్చు.

నాలుగో నెల పర్యవేక్షణ స్వాబుల్లో మూడో సింకు కొత్త ట్రాప్‌లో మళ్లీ ఎలిజబెత్‌కింగియా పెరిగింది. సీక్వెన్స్ చేస్తే పాత జాలీ నమూనాతో 3 ఎస్‌ఎన్‌పీల తేడా, 83లో సెరీన్. గోడలోపలి పైపు మార్చలేదు. ఆ సింకును మూసేశారు.